కీడెంచి మేలెంచుట: సర్వరు డిస్కులు, వాని రక్షణ

‘కీడెంచి మేలెంచవలె’నని మన పెద్దలు చెప్పుదురు. దూరప్రయాణమునకు బండి కట్టునపుడు దారిలో ఇరుసు విరుగవచ్చునని తలచి త్రాడును గొడ్డలిని వెంట నుంచుకొనుట పిరికితనము కాదు. అది గృహస్థుని వివేకము. నేటి ప్రసంగమునకు వస్తువైన కంప్యూటరు డిస్కు విషయమున ఈ సామెత అక్షరాల వర్తించును. ప్రతి డిస్కును ఏదో యొకనాడు చెడును. ఆ దినము ఏదో మనకు ముందుగా తెలియదు. తెలియని ఆ దినమునకై నేడే చేసికొనదగిన ఏర్పాటు లెట్టివో, ఆ దినము వచ్చినపుడు చేయదగిన దేదో, చేయరాని దేదో కొంత విచారింతము.

సర్వరు అనగా అనేకులకు సేవ చేయు కంప్యూటరు. ఇంటిలోని కంప్యూటరు ఒకరిద్దరి పని చూచును. సర్వరు రాత్రింబవళ్ళు నిలువక, పలువురు అడిగినదెల్ల అందించుచుండును. ఇట్టి యంత్రములను నడపు వ్యవస్థలలో యునిక్స్ మిక్కిలి ప్రసిద్ధమైనది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు దీనికి శ్రీకారము చుట్టిరి. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ దీని పోలికలోనే పెరిగినది. మనము ఫోనులో చదువు వార్తలును, పంపుకొను ఉత్తరములును, వినెడి పాటలును చాలవరకు ఏదో యొకచోట ఇట్టి సర్వరుపైననే నిలువయుండును. కుటుంబపు ఛాయాచిత్రములు దాచుకొనుటకు చిన్నపెట్టె యంతటి సర్వరును ఇంటిలోనే ఉంచుకొనువారును నేడు కలరు. తాతగారి కంఠధ్వని, పాప తొలి అడుగు, పెండ్లినాటి చిత్రము: ఇవి యన్నియు అందుండును. అంగడిలో డిస్కు మరల దొరకును. తాతగారి కంఠము మరల దొరకదు. కనుక ఈ విషయము ఇంజనీర్లకే చెందినదని విడువరాదు.

యునిక్స్ స్వభావమును గూర్చి ఒక్క మాట ముందుగా చెప్పవలెను. అది మితభాషి. యజమాని ఆజ్ఞ ఇచ్చినచో సాధారణముగా మారు ప్రశ్న వేయక నెరవేర్చును. ‘తుడిచివేయుము’ అన్నచో తుడిచివేయును, ‘నిజముగానే తుడిచివేయుదునా?’ అని బ్రతిమాలదు. ఈ గుణమువలన పని వేగముగా సాగును. ఈ గుణమువలననే ఒక్క అక్షరము తప్పినను ఇల్లు గుల్ల కావచ్చును. సర్వరులోని సమాచారము నశించుటకు డిస్కు చెడుట ఒక కారణము. మనుష్యుని చేయి పొరపడుట రెండవ కారణము. రెండింటికిని మందు సిద్ధముగా నుండవలెను.

డిస్కు ఏల చెడును?

1956లో ఐ.బి.యం. సంస్థ తొలి డిస్కు యంత్రమును వెలువరించినది. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెములు అందు ఒకదానిపై నొకటి అమరి తిరుగుచుండెడివి. బరువు ఒక టన్నుకు మించినది. అందు నిలువయుండగలిగినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇముడు డిస్కు అంతకు లక్షలాది రెట్లు దాచుచున్నది. అయినను మూలసూత్రము మారలేదు. అయస్కాంతపు పూత గల పళ్ళెము తిరుగుచుండును. దానిపై ‘హెడ్డు’ అను చిన్న భాగము అటునిటు కదలుచు చదువుచు వ్రాయుచు నుండును.

గ్రామఫోనును చూచినవారికి దీనిని ఊహించుట సులభము. అయితే గ్రామఫోను ముల్లు పళ్ళెమును తాకుచునే పాడును. డిస్కులోని హెడ్డు పళ్ళెమును తాకరాదు. నిమిషమునకు 5,400 లేక 7,200 మారులు తిరుగు పళ్ళెమునకు కొద్ది నానోమీటర్ల యెత్తున, గాలిపొరపై తేలుచు అది ఎగురుచుండును. మన తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లని తలచినచో ఆ యెడము ఎంత సన్ననిదో బోధపడగలదు. ఒక ధూళికణము దూరినను, నడచుచున్న యంత్రము క్రిందపడినను, హెడ్డు పళ్ళెమును గీరును. ఆ గీతతో అక్కడి యక్షరములు పోవును. రాలిన పొడి మరికొన్ని గీతలకు దారితీయును. ఇవిగాక ఇరుసు అరుగును, మోటారు అలయును, పిడుగుపాటుననో విద్యుత్తు హెచ్చుతగ్గులవలననో ఎలక్ట్రానిక్ పలక కాలును.

పళ్ళెములు లేని డిస్కులు నేడు విరివిగా వచ్చినవి. వీనియందు కదలు భాగము లేదు. విద్యుదావేశమును చిన్నచిన్న గదులలో బంధించి సమాచారమును దాతురు. ఇవి కుదుపునకు బెదరవు. కాని ఒక్కొక్క గదిలో వ్రాయగల మారులకు పరిమితి కలదు. పళ్ళెముల డిస్కు తరచుగా మూలిగి మూలిగి చచ్చును. ఇవి యన్ననో నిన్న పనిచేసి నేడు ఉలుకు పలుకు లేక పడియుండవచ్చును. విద్యుత్తు లేక చిరకాలము పెట్టెలో మూసియుంచిన యెడల వీనిలోని యావేశము క్రమముగా జారిపోవును. కనుక అటకపై పడవేసి ఏండ్ల తరబడి మరచుటకు ఇవి తగవు.

రోగలక్షణములు

డిస్కుపై సమాచారము ‘సెక్టరు’లనెడి చిన్న గళ్ళలో నుండును. పూర్వము గడికి 512 బైట్లు. క్రొత్త డిస్కులలో తరచుగా 4,096 బైట్లు. తయారీదారులు కొన్ని సెక్టరులను మారుగా దాచియుంతురు. ఒక గడి చెడినదని తోచినచో డిస్కు తనంతట తానే దానిని వెలివేసి, దాని స్థానమున మారుగడిని వాడుకొనును. ఇదంతయు గుట్టుగా జరుగును. పైకి డిస్కు ఆరోగ్యముగానే కనబడును.

ఈ గుట్టును బయటపెట్టుటకు డిస్కులో ఒక దినచర్య పుస్తకము వంటిది కలదు. దానికి ‘స్మార్ట్’ అని పేరు. యునిక్స్ వ్యవస్థలలో దీనిని చదువుటకు ‘స్మార్ట్‌సీటీఎల్’ అను ఆజ్ఞ యున్నది. అందు అంకెలు పెక్కు వచ్చును. అన్నిటిని జూచి బెదరనక్కరలేదు. మూడింటిని గమనించిన చాలును. మొదటిది, మార్చబడిన సెక్టరుల సంఖ్య. రెండవది, చదువుటకు వీలుగాక తీర్పు కొరకు వేచియున్న సెక్టరుల సంఖ్య. మూడవది, సరిదిద్దుటకు సాధ్యముకాని సెక్టరుల సంఖ్య. ఈ మూడును సున్నగా నుండుట మేలు. సున్న కాక, వారము వారమునకు పెరుగుచున్న యెడల ఆ డిస్కు ఇక మనది కాదని యెంచవలెను.

2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక నివేదికను ప్రకటించిరి. పరీక్షలో మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేనిదానికంటె 39 రెట్లు అధికముగా 60 దినములలోపల చెడు అవకాశము గలదని వారు కనుగొనిరి. కనుక లక్షణము కనబడిననాడే డిస్కును మార్చుట యుక్తము. కాని ఆ నివేదికలోనే మరియొక సంగతి కలదు. చెడిపోయిన డిస్కులలో సగమునకు మించినవి ఈ ప్రధాన లక్షణములలో ఒక్కటియు చూపక చెడినవి. అనగా నాడి చెడినచో రోగి యున్నాడని నమ్మవచ్చును. నాడి బాగున్నంతమాత్రమున రోగము లేదని నమ్మరాదు.

అంకెలు గాక, చెవికి కంటికి తెలియు గురుతులును కలవు. డిస్కునుండి ‘టిక్కు టిక్కు’మని అదేపనిగా శబ్దము వచ్చుట, క్షణములో తెరువబడు ఫైలునకు నిమిషము పట్టుట, సర్వరు చిట్టాలలో చదువుట వ్రాయుట విఫలమైనవని మాటిమాటికి నమోదగుట: ఇవి అట్టివి. ఆ చిట్టాలను వ్రాయుట యంత్రము పని. చదువుట మనుష్యుని పని.

ఆపద వచ్చినపుడు

డిస్కు చెడుచున్నదని తెలిసినది. ఇపుడేమి చేయవలెను? మొట్టమొదట చేయవలసినది చేతులు కట్టుకొని ఒక నిమిషము ఊరకుండుట. ఈ ఘట్టమున జరుగు నష్టములో పెద్దభాగము రోగమువలన గాక, తొందరపాటు వైద్యమువలన కలుగును.

ఆ డిస్కుపై క్రొత్తగా ఏమియు వ్రాయరాదు. దానిని చదువుటకు మాత్రమే వీలగునట్లు అమర్చవలెను. ఫైలు వ్యవస్థలోని తప్పులు దిద్దుటకు యునిక్స్‌లో ‘ఎఫ్‌ఎస్‌సీకే’ అను సాధనము కలదు. మంచి డిస్కుపై అది మేలైన పనిముట్టు. చెడుచున్న డిస్కుపై దానిని నడపుట పెనముమీదినుండి పొయ్యిలో పడుటయే. దిద్దుబాటు పేరిట అది డిస్కుపై వ్రాయును. అరకొరగా మిగిలినదానిని మరింత చిందరవందర చేయును.

తరువాత, దానిలోనిదంతయు మరియొక మంచి డిస్కుపైకి యథాతథముగా ఎత్తవలెను. అందులకు ‘డీడీరెస్క్యూ’ అను సాధనము ప్రశస్తము. మామూలు నకలు సాధనము చెడ్డగడి తగిలినచోట ఆగిపోవును, లేదా అక్కడనే పట్టుపట్టి డిస్కును అలయించును. డీడీరెస్క్యూ అట్లు చేయదు. అగ్ని ప్రమాదమున పెద్దలు ముందు చేతికందిన పిల్లలను బయటకు తెచ్చి, పిమ్మట మూలగదిలోనికి పోవునట్లు, అది మొదట సులభముగా వచ్చు భాగములను తీసికొని, చెడ్డచోట్లను దాటి, తరువాత వానిని కొంచెము కొంచెముగా గీకి తీయును. ఎంతవరకు వచ్చినది, ఏది మిగిలినది ఒక పటమువలె వేరుఫైలులో వ్రాసికొనును. నడుమ విద్యుత్తు పోయినను, పటము భద్రముగా నున్నచో ఆగినచోటినుండి తిరిగి మొదలిడవచ్చును. ఆజ్ఞలో మొదట మూలపు డిస్కును, తరువాత గమ్యపు డిస్కును పేర్కొనవలెను. ఈ రెండును తారుమారైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేయును. కావున వ్రేలు మీట నొక్కకమునుపు పేర్లను రెండుమారులు పైకి చదువుకొనుట మంచిది.

నకలు ముగిసినపిమ్మట చెడ్డ డిస్కును ప్రక్కన పెట్టవలెను. మరమ్మతు ప్రయోగము లన్నియు నకలుపైననే చేయవలెను. వీలైనచో నకలుకు మరియొక నకలు తీసి దానిపై చేయవలెను. డిస్కు అసలు తిరుగనే తిరుగకున్నను, లోపల గీరుచున్న శబ్దము వచ్చినను, విద్యుత్తు ఆపివేసి, అందలి సమాచారము విలువైన దైనచో, ధూళి లేని గదులు గల నిపుణుల కప్పగింపవలెను. మూత విప్పి ఇంటిలో చూచుట కూడదు. డిస్కును శీతలపెట్టెలో ఉంచినచో బ్రతుకునని చెప్పువారు కలరు. లోపల చెమ్మ పట్టి, ఉన్న ఆశయు అడుగంటు ప్రమాదము కలదు.

మరియొక చిన్నసంగతి. సర్వరులో నాలుగు డిస్కులు వరుసగా నుండును. చెడినది మూడవది, తొందరలో ఊడబెరికినది రెండవది! ఈ పొరపాటునకు విరుగుడు సులభము. డిస్కు కొన్నదినముననే దాని క్రమసంఖ్యను చీటీపై వ్రాసి, పైకి కనబడునట్లు అంటింపవలెను. ఊడదీయుటకు ముందు యంత్రము చెప్పు సంఖ్యను చీటీపై సంఖ్యతో సరిచూడవలెను.

జోడుడిస్కులు బ్యాకప్ కావు

ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు పలు డిస్కులను జోడించి వాడు పద్ధతి కలదు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు తమ పత్రములో దీనికి ‘రెయిడ్’ అను పేరు పెట్టిరి. సులభమైన విధము అద్దపు పద్ధతి: ఒకదానిపై వ్రాసినది రెండవదానిపైనను వ్రాయబడును. మరియొకటి లెక్కల పద్ధతి. ముగ్గురన్నదమ్ములు తమతమ పద్దులను మూడు చీటీలపై వ్రాసి, మొత్తమును నాలుగవ చీటీపై వ్రాసిరనుకొందము. ఏ ఒక్క చీటీ పోయినను మిగిలిన మూడింటినుండి దానిని రాబట్టవచ్చును. డిస్కులలో జరుగునదియు దాదాపు ఇదే. రెండు చీటీలు పోయినచో మాత్రము లెక్క తేలదు. కనుకనే రెండు విధముల మొత్తములను వ్రాసియుంచు పద్ధతియు వచ్చినది.

ఇందులో రెండు చిక్కులు కలవు. ఒకటి: ఒకే దుకాణమున, ఒకే దినమున, ఒకే రకపు డిస్కులు కొని అమర్చినచో అవి యన్నియు ఒకే వయస్సువి, ఒకే పనిచేయునవి. ఒకటి చెడినపుడు రెండవది దాని వెంటనే పోవుట అరుదు కాదు. పైగా చెడినదాని స్థానమున క్రొత్తది పెట్టినపుడు మిగిలిన డిస్కు లన్నిటిని ఆమూలాగ్రముగా చదువవలెను. అలసిన ముసలియెద్దుచేత కొండ యెక్కించుట వంటి దిది. పెక్కు సాధారణ డిస్కులకు తయారీదారులు చెప్పు హామీ యేమనగా, పదికోట్లకోట్లలో వందవవంతు గాదు, పూర్తిగా లక్షకోట్లకు నూరురెట్ల బిట్లు చదివినచో అందు చదువరాని తప్పు ఒకటికి మించదని. వినుటకిది గొప్పసంఖ్య. బైట్లలోనికి మార్చిన 12.5 టెరాబైట్లు మాత్రమే. నేటి పెద్ద డిస్కులు కొన్ని ఒక్కటియే అంతకు మించియున్నవి. కనుక మరమ్మతు నడుమ చదువరాని గడి యొకటి తగులుట అసంభవము కాదు. దీనికి విరుగుడుగా నెలకొకసారియైన డిస్కుల నన్నిటిని ఆసాంతము చదివించి, దాగియున్న తప్పులను ముందే పట్టుకొనవలెను. 2005లో సన్ సంస్థ వెలువరించిన జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలు ప్రతి ముక్కకును ఒక సరిచూపు సంఖ్యను వ్రాసియుంచి, చదివినప్పుడెల్ల దానితో పోల్చి, అక్షరము మారినచో కనిపెట్టును.

రెండవ చిక్కు మరింత పెద్దది. అద్దము మన ముఖమును చూపునట్లే మన తప్పును కూడ చూపును. ఒక డిస్కుపై ఫైలు తుడిచినచో తోడిడిస్కుపై అదేక్షణమున అది తుడుచుకొనిపోవును. దొంగ చొరబడి సమాచారమునకు తాళము వేసి సొమ్ము అడిగినచో రెండింటికిని తాళము పడును. ఇల్లు కాలినచో రెండును కాలును. జోడుడిస్కుల ప్రయోజనము పని ఆగకుండుట. పోయినదానిని తిరిగి తెచ్చుట బ్యాకప్ పని. ఒకటి యున్నదని రెండవది మానరాదు.

బ్యాకప్: మూడు, రెండు, ఒకటి

బ్యాకప్ అనగా మూలమునకు దూరముగా, మూలముతో సంబంధము లేక నిలిచియుండు ప్రతి. ఇందులకు లోకమున వ్యాపించిన సూత్రమొకటి కలదు. దీనికి ప్రచారము కల్పించినవాడు పీటర్ క్రోగ్ అను ఛాయాగ్రాహకుడు. సమాచారమునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. వానిలో ఒకటి వేరు ఊరిలోనో వేరు కట్టడములోనో ఉండవలెను. ఆ మూడింటిలో ఒకటైనను యంత్రమునకు తగిలించియుంచక విడిగా ఉంచుట మరింత మేలు. తీగ లేనిచోటికి దొంగ రాలేడు.

యునిక్స్‌లో దీనికి పనిముట్లు పాతవియు కలవు, క్రొత్తవియు కలవు. ‘టార్’ అనునది 1979నాటి యునిక్స్ ఏడవ కూర్పుతో వచ్చినది. పెక్కు ఫైళ్ళను ఒక మూటగా కట్టి టేపునకు ఎక్కించుట దాని మొదటి పని. 1996లో ఆస్ట్రేలియాలో ట్రిడ్జెల్, మకెరస్ అనువారు ‘ఆర్‌సింక్’ను వెలువరించిరి. నిన్నటికి నేటికి మారినదానిని మాత్రమే పంపుట దాని నేర్పు. వారమునకొకసారి సమస్తమును, దినదినము మారినదానిని మాత్రమును ఎత్తిపెట్టుట సాధారణమైన ఏర్పాటు.

ఇచట కొన్ని మెలకువలు చెప్పవలెను. మొదటిది: ఒక్క ప్రతినే ప్రతిరాత్రి క్రొత్తదానితో మార్చుట చాలదు. సోమవారము ఒక ఫైలు పాడైనది, శుక్రవారము మనము చూచితిమి. ఈలోగా పాడైన ఫైలే మంచిదానిపై నాలుగుమారులు వ్రాయబడును. కనుక దినములవారివి కొన్ని, వారములవారివి కొన్ని, నెలలవారివి కొన్ని పాతప్రతులను నిలిపియుంచవలెను. రెండవది: మూలములో లేనిదానిని ప్రతినుండియు తొలగింపుమను సౌకర్యము ఆర్‌సింక్‌లో కలదు. మూలపు డిస్కు ఊడి, దాని స్థానము ఖాళీగా నున్న రాత్రి ఆ ఆజ్ఞ నడచినచో, ఖాళీకి నమ్మకమైన నకలు ఖాళీయే. పాతప్రతులు వేరుగా నున్నచో ఇట్టి దుర్ఘటనము తప్పును. మూడవది: ఎడతెగక వ్రాయబడుచున్న లెక్కలపుస్తకమువంటి డేటాబేసును నడచుచుండగానే ఫైలుగా ఎత్తినచో సగము పద్దు నిన్నటిది, సగము నేటిది అగును. అట్టివానికి వాని సొంత సాధనములచేతనే ప్రతి తీయించవలెను. నాలుగవది: ప్రతిని రహస్యలిపిలో దాచినచో దాని తాళపుమాటను ఆ సర్వరులోనే దాచరాదు. బీరువా తాళపుచెవి బీరువాలోపలనే పెట్టి మూసినట్లగును.

రెండు నిజమైన కథలు

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థవారు ‘టాయ్ స్టోరీ’ రెండవ చిత్రమును తయారుచేయుచుండిరి. చిత్రమంతయు యునిక్స్ జాతి యంత్రములలోనే యుండెను. ఒకనాడు ఎవరో తుడిచివేయు ఆజ్ఞను తప్పుచోట ఇచ్చిరి. తెరపై చూచుచున్నవారి కన్నులయెదుటనే కథానాయకుని టోపీ మాయమైనది, పిమ్మట బూట్లు, తుదకు కథానాయకుడే మాయమయ్యెను. యంత్రమును విద్యుత్తు ఊడబెరికి ఆపించునప్పటికి చిత్రములో సుమారు 90 శాతము పోయినది. బ్యాకప్ కలదుగదాయని అందరును ధైర్యముగానుండిరి. తీసిచూడగా అది కొంతకాలముగా సరిగా పనిచేయుటయే లేదు! ఆ సమయమున సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ తన యింట ఒక ప్రతి యున్నదని జ్ఞప్తికి తెచ్చుకొనెను. పసిబిడ్డ తల్లియగుటచే ఇంటినుండి పనిచేయుటకై ఆమె దానిని తీసికొనిపోయియుండెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, కారు సీటునకు పట్టీలతో కట్టి, పసిపాపను తెచ్చినట్లు తెచ్చిరి. దానితో పని తిరిగి సాగినది. వేరుచోట నున్న ఆ యొక్క ప్రతియు ప్రణాళికవలన గాక, ఒక తల్లి అవసరమువలన ఏర్పడినది.

రెండవది 2017 జనవరి 31నాటి సంగతి. గిట్‌ల్యాబ్ అను సంస్థలో ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయినదాక సర్వరు చిక్కు నొకదానిని విప్పుచుండెను. తోడుసర్వరులోని పాత డేటాను తుడుచుచున్నాననుకొని ప్రధాన సర్వరులోనిదానిని తుడిచెను. రెండు క్షణములలో పొరపాటు గ్రహించి ఆపెను. 300 గిగాబైట్లలో మిగిలినది సుమారు 4.5 మాత్రమే. బ్యాకప్ ఏర్పాట్లు పలువిధములుగా నుండెను. వెదకిచూడగా, ప్రతిదినము ప్రతులు చేరవలసిన గిడ్డంగి ఖాళీ! ప్రతి తీయు సాధనపు కూర్పు డేటాబేసు కూర్పుతో సరిపడక ప్రతిసారియు విఫలమగుచుండెను. ఆ వైఫల్యమును తెలుపు ఉత్తరములును పంపబడెను. సరియైన ముద్ర లేనందున వానిని తపాలా సర్వరు తిరస్కరించుచుండెను. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినవందురు. ఇచట కుక్కలు మొరుగుచునే యున్నవి, వినువారు లేరు. దైవవశమున ఆరుగంటలకు ముందు ఆ ఇంజనీరే మరియొక పనికై తీసిన ప్రతి యొకటి మిగిలియుండెను. దానితో సంస్థ నిలిచినది. ఆరుగంటల వ్రాతలు మాత్రము పోయినవి. వారు తమ తప్పులను దాచక లోకమునకు వివరముగా ప్రకటించుట మెచ్చదగినది.

రెండు కథలలోను బ్యాకప్ ఉన్నదని అందరు నమ్మిరి. ఎవరును దానిని తెరచిచూడలేదు. తెరచిచూడని బ్యాకప్ వడ్లు పోసితిమని నమ్ముచున్న ఖాళీగాదె వంటిది. కరవు వచ్చిననాడు దాని లోపల తెలియును.

నెలకొక గంట

కావున నెలకొక గంట ఈ పనికై కేటాయింపుడు. ఆ గంటలో పాతప్రతులనుండి ఏదో యొక ఫైలును, మీ యిష్టము వచ్చినదానిని, వేరొకచోటికి తిరిగి రప్పించి తెరచి చూడుడు. ఫోటో అయినచో కంటితో చూడుడు. పాట అయినచో చెవితో వినుడు. మూలముయొక్క సరిచూపు సంఖ్యను ప్రతిసంఖ్యతో పోల్చుడు. ఏడాదికొకసారి సర్వరు పూర్తిగా పోయినదని భావించి, ఖాళీ యంత్రముపై సమస్తమును తిరిగి నిలబెట్టి, ఎన్నిగంటలు పట్టినదో వ్రాసియుంచుడు. చేయవలసిన క్రమమును కాగితముపై వ్రాసి పెట్టుడు. సర్వరు పోయినదినమున సర్వరులోని సూచనలు చదువుటకు వీలుండదు. బ్యాకప్ విఫలమైనపుడే గాక, సఫలమైనపుడును వార్త వచ్చునట్లు అమర్చుడు. అపుడు వార్త రాకపోవుటయే ఒక హెచ్చరిక యగును.

ఈ జాగ్రత్త మన దేశమునకు క్రొత్తది కాదు. తాటియాకు గ్రంథము చిరకాలము నిలువదని మన పూర్వులెరుగుదురు. పురుగు తినును, చెమ్మ పట్టును, అంచులు విరుగును. ఆకు పూర్తిగా శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపైకి ఎత్తివ్రాయించి కావ్యములను నిలిపిరి. 19వ శతాబ్దమున ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను వ్రాయసకాండ్రను నియమించి, తెలుగు గ్రంథముల ప్రతులను పలుచోట్లనుండి సేకరింపజేసి, ఎత్తివ్రాయించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. ప్రతి తీయుట, సరిచూచుట, భద్రముగా వేరుచోట దాచుట: ఈ మూడుపనులను ఆనాడు గంటముతో చేసిరి. ఈనాడు ఆజ్ఞలతో చేయుచున్నాము.

తాటియాకు శిథిలమగుట కంటికి కనబడును. డిస్కు శిథిలమగుట కనబడదు. అందుచే మన పూర్వులకంటె మనము మరికొంత మెలకువతో నుండవలెను. మీ యింట చిన్న సర్వరున్నను, ఛాయాచిత్రములు దాచిన డిస్కు ఒక్కటియే యున్నను, ఈ ప్రసంగము ముగిసినపిమ్మట ఒక్క ప్రశ్న వేసికొనుడు: ‘ఇది ఈ రాత్రి చెడినచో రేపు ఉదయము నా చేతిలో ఏమి మిగులును?’ సమాధానము తృప్తికరముగా లేనిచో, చేతులు కాలినపిమ్మట ఆకులు వెదకక, నేడే మరియొక ప్రతి తీసి, దానిని ఒక్కమారు తెరచి చూచి, వేరుచోట నుంచుడు.